మెడ దగ్గర చీలిక

మా తమ్ముడికి క్రికెట్ బ్యాట్లు బాగుచేసే షాపు ఉంది. షాపంటే పెద్దదేం కాదు. రోడ్డు మీదికి ఒక షట్టరు, లోపల పొడుగాటి బల్ల, గోడకి వరసగా మేకులు, మేకులకి వేలాడే బ్యాట్లు. నేల మీద ఎప్పుడూ చెక్క పొట్టే. ఎంత ఊడ్చినా సాయంత్రానికి చెప్పుల్లోకి చేరుతుంది.

అక్కడ నాకు రెండు పనులు. ఒకటి హ్యాండిల్‌కి దారం చుట్టడం. రెండోది వినడం. బాగుచేసిన ప్రతి బ్యాట్‌నీ పైన పట్టుకుని వేలాడదీసి, కొయ్య సుత్తితో అడుగు నుంచి మెడ దాకా కొట్టుకుంటూ వస్తాను. చెక్క అంతా ఒకటిగా అతుక్కుని ఉంటే టక్కుమని తేటగా పలుకుతుంది. లోపల ఎక్కడైనా చీలిక మిగిలి ఉంటే సరిగ్గా అక్కడ తప్పుమంటుంది, చెమ్మ పట్టిన గోడని తట్టినట్టు. నేను సరే అన్నాకే బ్యాట్ షట్టరు దాటాలి. ఇది మా తమ్ముడు పెట్టిన రూలు.

ఈ పని నాకు చదువు వల్ల వచ్చింది కాదు. బడి మధ్యలోనే మానేశాను. భయం వల్ల వచ్చింది. ఒకప్పుడు వాడికి అన్నం క్యారియరు ఇవ్వడానికి వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా బల్ల మీద ఉన్నదాన్ని చూసి, "ఒరేయ్, ఇది ఆటలో విరిగి ముక్క ఎగిరి ఎవరి కంట్లోనైనా పడితే?" అనేదాన్ని. మొదట్లో వాడు విసుక్కున్నాడు. నేను అనుమానపడ్డ బ్యాట్లే మళ్ళీ షాపుకి తిరిగొస్తున్నాయని తర్వాత గమనించాడు.

"అక్కా, ఇంట్లో కూర్చుని ఊరికే భయపడే బదులు ఇక్కడికొచ్చి భయపడు. జీతమిస్తాను" అన్నాడు.

అప్పట్నుంచీ వచ్చినవాళ్ళందరికీ నన్ను "మా భయం సెక్షన్" అని పరిచయం చేస్తాడు. కొందరు నవ్వుతారు. మొన్న ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చి, "ఏమ్మా, నా బ్యాట్‌కి ఇంకా సర్టిఫికెట్ ఇవ్వలేదా?" అన్నాడు.

"ఇవ్వను సార్. భుజం దగ్గర సరిగ్గా పలకడం లేదు."

"బంతికి తగిలితే చాలమ్మా, నన్ను పలకరించక్కర్లేదు."

అతను నవ్వితే నేనూ నవ్వాను గానీ బ్యాట్ మాత్రం ఇవ్వలేదు.

మా అమ్మాయి బ్యాటింగ్ చేస్తుంది. చిన్నప్పుడు ఈ షాపులో బల్ల కిందా బల్ల మీదా ఎగురుతూ తిరిగేది కాబట్టి వాళ్ళ మామయ్య దానికి ఉడత అని పేరు పెట్టాడు. ఇప్పుడు నాకంటే బెత్తెడు పొడుగుంది, అయినా ఉడతే. దాని బ్యాట్‌ని వాడే తయారుచేశాడు. ఎవరో వదిలేసిన మంచి చెక్కని వెనక వైపు చిత్రిక పట్టి, బరువు తగ్గించి, దాని మణికట్టుకి సరిపోయేలా చేశాడు. వేరే బ్యాట్ ఏది చేతికిచ్చినా, "రోకలి పట్టుకున్నట్టుంది మామయ్యా" అంటుంది.

ఈమధ్య ఒక ఆదివారం జిల్లా జూనియర్ జట్టుకి ఎంపిక మ్యాచ్ పెట్టారు. వయసు దాటిపోతుంది కాబట్టి మా అమ్మాయికి ఇదే ఆఖరు అవకాశం. ఇంట్లో అందరికీ తెలుసు. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు, ఆయన కూడా ఆ రోజు డ్యూటీ మార్పించుకోవాలని చూసి కుదరక ఊరుకున్నారు.

నాకు అనుమానం వచ్చింది దానికి ముందు బుధవారం. పిల్ల బ్యాట్‌ని నా కంట పడనివ్వడం లేదు. మామూలుగా ప్రాక్టీసు నుంచి రాగానే గుమ్మం పక్కన ఆనించేసి పోతుంది. నేను "అడ్డం తీయవే, ఎవరైనా తట్టుకుని పడతారు" అని అరవడం, అది "వస్తున్నా" అని రాకపోవడం, ఇదీ రోజూ జరిగేది. అలాంటిది వారం రోజులుగా బ్యాట్ సంచీలోనే ఉంటోంది, సంచీ మంచం కింద ఉంటోంది. నా బుర్రకి బ్యాట్ సంగతి తట్టలేదు. సంచీలో ఏం దాస్తోందా అనుకున్నాను. ఎవడైనా వెంట పడుతున్నాడా? బెదిరిస్తున్నాడా? బలం కోసమని ఏవైనా మాత్రలు మింగుతోందా? అసలు ప్రాక్టీసుకే వెళ్తోందా? పప్పు పొయ్యి మీద పెట్టి ఇవన్నీ ఆలోచిస్తే ఏమవుతుంది, అడుగంటింది.

పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు సంచీ లాగి జిప్పు తీశాను. గ్లౌజులు, ప్యాడ్లు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు, బ్యాట్. ఇంకేం లేదు. గుండె కుదుటపడింది. మళ్ళీ లోపల పెట్టబోతూ అలవాటు కొద్దీ హ్యాండిల్‌ని ఒక చేత్తో, బ్లేడుని ఒక చేత్తో పట్టుకుని కొంచెం వంచాను. కిర్రుమంది.

హ్యాండిల్ మీది రబ్బరు గ్రిప్పు కొత్తది. పాతది బాగానే ఉండగా కొత్తది ఎందుకు వేసినట్టు? అక్కడే నేల మీద కూర్చుని గ్రిప్పుని పైకి చుట్టేశాను. కింద తెల్ల టేపు ఉంది. టేపు లాగేశాను. హ్యాండిల్ బ్లేడులోకి దిగే చోటు ఉంటుంది చూడండి, దాన్ని మేం మెడ అంటాం, అక్కడ ఒక చీలిక. భుజం దగ్గర మొదలై కర్ర వెంట పైకి పాకింది. చీలిక నిండా చిన్న ట్యూబులో వచ్చే జిగురు, క్షణంలో అతుక్కునే రకం, గాజులా గట్టిపడి కారి ఉంది. మా ఇంటి పిల్లే, రోజూ జిగురు వాసన మధ్య పెరిగిన పిల్లే, నాకు తెలియకూడదని ఆ ట్యూబు కొనుక్కొచ్చి చీకట్లో పిండింది.

స్నానం చేసి తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి నా ఒళ్ళో బ్యాట్ చూసింది. ముందు ముఖం పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది.

"నా సంచీ ఎందుకు తీశావు?"

"ఎప్పుడు పగిలింది?"

"పోయిన వారం. నా సంచీ ఎందుకు తీశావమ్మా?"

"ఈ బ్యాట్‌తో వారం నుంచి ఆడుతున్నావా? హ్యాండిల్ ఊడి నీ మొహం మీదికి వస్తే? వెనక నిలబడే కీపర్ పిల్లకి తగిలితే? వాళ్ళమ్మకి ఏం చెప్పాలి నేను?"

"ఊడలేదు కదా!"

"మామయ్య ఉన్నాడు, నేనున్నాను, షాపుంది. చెప్పడానికేం?"

"నీకు చెబితే ఏమంటావో తెలీదా? వద్దంటావు. ఈత వద్దన్నావు. సైకిల్ వద్దన్నావు. ట్రిప్పుకి వెళ్తానంటే బస్సు బోల్తా పడుతుందన్నావు, నాన్న డ్రైవరై ఉండీ! ఇది చూపిస్తే నీ నోట్లోంచి సరే అనే మాట వస్తుందా? మ్యాచ్ అయ్యేదాకా ఆగుదామనుకున్నా."

దాని మాట నిజమే, బ్యాట్ చూసిన నిమిషంలోనే నేను మనసులో వద్దు అనేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం షాపుకి వెళ్ళాం. తమ్ముడు చీలికని వెలుతురుకి పెట్టి చూసి పెదవి విరిచాడు.

"ఉడతా, నేనెవర్నే?"

"మామయ్యవి."

"ఏం పని చేస్తాను?"

"బ్యాట్లు బాగుచేస్తావు."

"మరి ఈ ట్యూబు మామయ్య దగ్గరికి ఎందుకు వెళ్ళావు?"

అది తల దించుకుంది. వాడి కోపం అంతే.

పగిలిన దానికంటే అతికించినదే పెద్ద తలనొప్పి అయింది. చెక్క జిగురు చెక్కలోకి ఇంకితేనే పట్టుకుంటుంది. లోపల ఆ గాజు పొర ఉంటే ఇంకదు. అందుకని ముందు పాత దారమంతా కోసేశాం. సన్నటి బ్లేడుని చీలికలోకి దించి, ఎండిన జిగురుని పలుకులు పలుకులుగా గీకాం. ఎక్కువ నొక్కితే చీలిక పొడుగవుతుంది. తక్కువ నొక్కితే రాదు. వాడు గీకుతుంటే నేను టార్చి పట్టుకున్నాను. నేను తొంగిచూసినప్పుడల్లా వెలుతురు పక్కకి పోతోందని టార్చి లాక్కుని ఉడత పట్టుకుంది. మధ్యాహ్నానికి లోపల అసలు చెక్క కనబడింది. తర్వాత చీలికని కొంచెం తెరిచి, సూది లేని సిరంజీతో జిగురు ఎక్కించి, పైనుంచి వేలితో అదిమాం. రెండో వైపు నుంచి జిగురు బొట్టుగా బయటికి వచ్చింది. అది వస్తే లోపలంతా నిండినట్టు. రెండు వైపులా చెక్క ముక్కలు పెట్టి క్లాంపు బిగించాడు.

"ఇక ఎవరూ ముట్టుకోకండి. అక్కా, నీకే చెప్పేది. చూపుతో కూడా తాకొద్దు."

నేను ముట్టుకోలేదు. శుక్రవారమంతా దాని పక్కనుంచి నడిచేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టాను. మిగతా పనులు చేస్తూనే ఉన్నాను, నాలుగైదు బ్యాట్లు విని సరే అన్నాను, ఏవి విన్నానో మాత్రం సరిగ్గా గుర్తు లేదు.

శనివారం పొద్దున తమ్ముడు క్లాంపు విప్పాడు. ఎమరీ కాగితం వేసి నునుపు చేశాక దారం చుట్టే పని నాది. జిగురు రాసిన హ్యాండిల్ మీద, వరస పక్క వరస సందు లేకుండా, లాగిపట్టి చుట్టాలి. మామూలుగా ఎంత లాగాలో చేతికే తెలుస్తుంది. ఆ రోజు వేళ్ళు కోసుకుపోయేంత లాగాను. తమ్ముడు చూసి, "బ్యాట్‌కి ఊపిరాడనియ్యవే తల్లీ" అన్నాడు.

సాయంత్రం ఉడత వచ్చింది. నేను బ్యాట్ వేలాడదీసి సుత్తి తీసుకున్నాను. అడుగున కొట్టాను, టక్. మధ్యలో కొట్టాను, టక్. భుజం, టక్. మెడ దగ్గర కొట్టాను. నాకు తప్పుమని వినబడింది.

"ఉంది. ఇంకా ఉంది లోపల."

తమ్ముడు సుత్తి తీసుకుని కొట్టాడు. "ఎక్కడే? తేటగా పలుకుతోంది కదా."

నేను మళ్ళీ కొట్టాను. తప్. "విను, అదిగో."

"నాకు టక్కుమనే వినబడుతోంది."

"నీ చెవి కంటే నా చెవి మంచిదని నువ్వే కదరా అంటావు."

ఉడత గోడకి ఆనుకుని నిలబడింది. ఈసారి అరవలేదు. అరిచినా బాగుండేది. "వదిలెయ్ మామయ్యా" అంది మెల్లగా. "అమ్మ వినేది బ్యాట్‌ని కాదు. రేపు ఏదో ఒక రోకలితో ఆడతాలే." అని బయటికి వెళ్ళి మెట్టు మీద కూర్చుంది.

నాకు ఆ మాట గుచ్చుకుంది. నిజంగా చప్పుడులో తేడా ఉందా, నాకే అలా వినబడిందా? ఇన్నేళ్ళలో ఎప్పుడూ నా చెవిని నేను అనుమానించలేదు. ఇప్పుడు వద్దన్నా తప్పే కావచ్చు, సరే అన్నా తప్పే కావచ్చు. చీలిక ఉండగా సరే అంటే పిల్ల పళ్ళు రాలతాయి. లేకుండా వద్దంటే దాని ఆఖరు అవకాశం నా చేతుల్లోనే పోతుంది.

తమ్ముడు కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అక్కా, అటు తిరుగు."

"ఎందుకు?"

"గోడ వైపు తిరిగి నిలబడు. నేను కొడతాను, నువ్వు విను. ఏది ఏ బ్యాటో చెప్పను."

మేకులకి ఉన్నవాటిలోంచి, ఇచ్చేయడానికి సిద్ధంగా ఉన్నవి కొన్ని తీశాడు. మా అమ్మాయిది వాటిలో కలిపాడు. నేను గోడ వైపు తిరిగాను. నా ముక్కుకి ఎదురుగా పాత క్యాలెండరు. దాని మీద తేదీలు కూడా కనబడలేదు. కళ్ళు మూసుకున్నాను. వెనక మెట్టు మీంచి ఉడత లేచి వచ్చిన చెప్పుల చప్పుడు వినబడింది.

"కానీ, కొట్టు" అన్నాను.

మొదటిది బాగానే ఉంది. "సరే" అన్నాను. తర్వాతది కొంచెం బరువుగా పలికింది, అయినా చీలిక లేదు. "సరే." తర్వాతది కొట్టాడు. మెడ దగ్గర స్పష్టంగా తప్. ఎవరు విన్నా తెలిసే చప్పుడు.

"ఆగు. మళ్ళీ కొట్టు." కొట్టాడు. "ఇదే. ఇది ఇవ్వకూడదు. లోపల పట్టుకోలేదు."

అయిపోయింది, నా నోటితోనే అనేశాను, ఇప్పుడిక దాని మొహం ఎలా చూడను అనుకున్నాను. తమ్ముడు మిగిలినవి కూడా కొట్టాడు. అన్నిటికీ సరే, సరే అన్నాను, ఏడుపు గొంతుతో.

"తిరుగు" అన్నాడు.

తిరిగాను. వాడి చేతిలో ఉన్న చెడ్డ బ్యాట్ మా అమ్మాయిది కాదు. మందుల షాపు ఆయనది. నిన్న నేను విని సరే అన్నదే. ఒక చెవి క్లాంపు మీద పెట్టి ఇంకో చెవితో విన్నాను కదా, అలా పాసైపోయింది. రేపో మాపో ఆయన వచ్చి పట్టుకుపోయేవాడు. వాళ్ళ చిన్నబ్బాయి ఆడుకునే బ్యాట్ అది.

"మనది ఎన్నోదిరా?"

"ఆఖరుది. సరే అన్నావు. ఏడుస్తూ అన్నావు, అయినా అన్నావు."

ఉడత నవ్వుతుందనుకున్నాను. దెప్పుతుందనుకున్నాను. అది నా వైపు చూస్తూ నిలబడింది, అంతే. నేను సరే అన్నది షట్టరు దాటాలి. రూలు రూలే. మందుల షాపు బ్యాట్‌ని బల్ల మీద పడేసి, మా పిల్ల బ్యాట్‌కి గ్రిప్పు ఎక్కించి దాని చేతిలో పెట్టాను.

"సరే" అన్నాను. ఇప్పుడు తెలిసే అన్నాను.

ఆదివారం మ్యాచ్‌కి వెళ్ళాను. మైదానం చుట్టూ ఇనుప కంచె, ఒక పక్క సిమెంటు మెట్లు. ఎండకి మెట్లు కాలుతున్నాయి. నేనూ తమ్ముడూ పేపరు పరుచుకుని కూర్చున్నాం. అందరూ బంతిని చూస్తున్నారు. నేను బ్యాట్ మెడని చూస్తున్నాను. మొదటి బంతి తగిలినప్పుడు టక్కుమని మెట్ల దాకా వినబడింది. రెండోదీ అంతే. తర్వాత ఒక పొడుగు పిల్ల బౌలింగ్‌కి వచ్చింది. పరుగు మొదలుపెడితే గేటు దగ్గర్నుంచీ వస్తోంది.

"ఒరేయ్, ఈ పిల్లకి వీళ్ళ వయసేనా? చూశావా ఆ భుజాలు?"

"అక్కా, నీళ్ళు తాగు."

"హెల్మెట్ సందులోంచి బంతి దూరుతుందా?"

"దూరదు. తాగు."

మా పిల్ల ఆ పొడుగు పిల్ల వేసిన బంతిని ఎదురుగా నేల మీంచి కొట్టింది. అది వెళ్ళి కంచెకి తగిలింది. తమ్ముడు లేచి ఈల వేశాడు. నేను కూడా లేచి, అందరూ కూర్చున్నాక కూడా నిలబడే ఉన్నాను. చాలాసేపు ఆడింది. చివరికి అవతలి వికెట్ల దగ్గరున్న తోటి పిల్ల పరుగుకి పిలిస్తే పరిగెత్తి, సగంలో వెనక్కి తిరిగి, రనౌట్ అయింది. ప్యాడ్లు విప్పకుండానే కూర్చుని తువ్వాల్లో మొహం దాచుకుంది.

సాయంత్రం కోచ్ మేడం మైదానం మధ్యలో నిలబడి పేర్లు చదివింది. మా అమ్మాయి పేరు చివర్లో వచ్చింది. జట్టులోకి తీసుకున్నారు గానీ అదనపు ఆటగత్తెగా. ఎవరికైనా దెబ్బ తగిలితేనో జ్వరమొస్తేనో దీనికి ఆట. అంతదాకా బెంచీ. మా పిల్లకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నాకు మాత్రం బెంచీ మీద కూర్చునేవాళ్ళకి బంతి తగలదు కదా అని కొంచెం హాయిగా అనిపించింది. ఆ సంగతి మొహంలో కనబడకుండా సంచీ సర్దడం మొదలుపెట్టాను.

"నాకు తెలుసులే, నీకు సంతోషంగానే ఉంది" అంది.

"జట్టులోకి వచ్చావని."

"బెంచీ అని."

"రెండూ" అన్నాను. అబద్ధమాడి లాభం లేకపోయింది.

అది ముక్కు చీదుకుని కొంచెం నవ్వింది. తమ్ముడు స్కూటరు తేవడానికి వెళ్ళాడు. మేం గేటు దగ్గర నిలబడ్డాం. ఉడత సంచీలోంచి బ్యాట్ తీసి, తలకిందులు చేసి నా ముందు పెట్టింది.

"చూడు. అడుగున. ఆ పొడుగు పిల్ల బంతి కాళ్ళ దగ్గర వేసింది కదా, అప్పుడే అనుకుంటా."

అడుగున వెంట్రుకంత నెర్రె. నేను వేలు పెట్టి తడిమాను. దుమ్ము పట్టి సన్నటి గీతలా ఉంది. వారం ఆగితే పెద్దదయ్యేది. వారం ఆగకుండా చూపించింది.

"రేపు షాపుకి పట్టుకురా."

"ఊఁ." బ్యాట్ సంచీలో పెట్టింది. జిప్పు వేస్తూ నా వైపు చూడకుండా, "అమ్మా, ఇంకోటి. ఎడమ మోకాలు నొప్పిగా ఉంటోంది. నెల నుంచి. మెట్లు దిగుతుంటే ఎక్కువ" అంది.

నా తలలో ఒక్కసారిగా ఆసుపత్రి, స్కానింగు, చంక కర్రలు, ఆపరేషను, జీవితాంతం కుంటుతూ నడిచే పిల్ల అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. వద్దు, ఇక ఆటే వద్దు అనే మాట పెదాల దాకా వచ్చింది. దాన్ని మింగేశాను.

"ఎక్కడ? చూపించు" అన్నాను. అది గేటు పట్టుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, కాలు ఎత్తింది.